హెలికాప్టర్ ఎంత ఎత్తుకు ఎగిరింది, ఆ ఎత్తుకు సాక్ష్యం ఏమిటి?

హెలికాప్టర్ ఇప్పటివరకు అందుకున్న అత్యధిక ఎత్తు ఎంత అని అడిగితే రెండు జవాబులు వినిపిస్తాయి. 1972 జూన్ 21న ఫ్రాన్స్‌లోని ఇస్త్ర్ నుంచి లామా హెలికాప్టర్‌లో బయలుదేరిన జాఁ బూలే 12,442 మీటర్లకు చేరారన్నది మొదటిది. 2002 మార్చి 23న దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ వద్ద ఏఎస్ 350 బి2 రకం హెలికాప్టర్‌లో ఫ్రెడ్ నార్త్ 12,954 మీటర్లకు చేరారన్నది రెండోది. ఈ రెండింటి మధ్య తేడా 512 మీటర్లు, అంటే మందస వైపు నుంచి చూస్తే కనిపించే మహేంద్రగిరి ఎత్తులో మూడో వంతు. అయినప్పటికీ ప్రపంచ వైమానిక రికార్డులను పరిశీలించి నమోదు చేసే అంతర్జాతీయ వైమానిక సమాఖ్య, అంటే ఎఫ్ఏఐ, పట్టికలో హెలికాప్టర్ల సంపూర్ణ ఎత్తు రికార్డు బూలే పేరునే ఉంది.

శ్రీకాకుళం, విజయనగరం పట్టణాల్లో రక్షణ రంగ ఉద్యోగ పరీక్షలకు చదివే విద్యార్థులు ఎందరో ఉన్నారు. వారి చేతికి వచ్చే ఒక పుస్తకంలో మొదటి అంకె, మరో పుస్తకంలో రెండో అంకె, ఇంకొక దానిలో హెలికాప్టర్ దిగిన ఎవరెస్టు శిఖరం ఎత్తు అయిన 8,848 కనిపించే అవకాశం ఉంది. మూడింటిలో ఏదీ ఊహించి రాసినది కాదు. వేర్వేరు ప్రశ్నలకు వచ్చిన జవాబులను ఒకే ప్రశ్న కింద పెట్టడం వల్లనే తికమక పుడుతోంది. ఎత్తును ఎలా కొలిచారు, ఆ కొలతకు ఎవరు పూచీ పడ్డారు అన్న రెండు విషయాలు విడమరిస్తే ఈ చిక్కు చాలావరకు విడిపోతుంది.

ముందుగా, ‘ఎత్తు రికార్డు’ అనేది ఒకటే కాదు. ఒక క్షణం పాటు అందుకున్న గరిష్ఠ ఎత్తు ఒక రికార్డు. ఎక్కడం ఆపి, సమతలంగా ఎగురుతూ నిలబెట్టుకున్న ఎత్తు మరొకటి. అమెరికాకు చెందిన సికోర్‌స్కీ సీహెచ్-54 అనే భారీ హెలికాప్టర్ 1971 నవంబర్‌లో అలా సమతల ప్రయాణంలో సుమారు 11,010 మీటర్ల వద్ద ఎగిరింది. బరువును మోస్తూ చేరిన ఎత్తు ఇంకొక రకం. సోవియట్ యూనియన్‌లో తయారైన మిల్ వి-12 1969 ఆగస్టులో 44,205 కిలోల బరువుతో 2,255 మీటర్లకు లేచింది. ఈ చివరి అంకెను లామా అంకె పక్కన పెడితే వెలవెలపోతుంది గాని, నలభై నాలుగు టన్నులను గాలిలోకి లేపడం ఎంతటి పనో తెలిసినవారెవరూ దాన్ని చిన్నచూపు చూడరు. ఇవికాక హెలికాప్టర్ బయలుదేరేటప్పటి బరువును బట్టి వేర్వేరు తరగతులు ఉంటాయి. కాబట్టి ‘ప్రపంచ రికార్డు’ అన్న మాట కనిపించగానే ఏ తరగతిలో, ఏ రకం అని అడగడం తప్పనిసరి.

పైకి పోయేకొద్దీ హెలికాప్టర్‌కు ఎదురయ్యే కష్టం గాలి పలచబడటం. పైన గుండ్రంగా తిరిగే రోటరు రెక్కలు గాలిని కిందికి నెట్టడం వల్ల యంత్రం పైకి లేస్తుంది, నెట్టడానికి అక్కడ గాలి ఉండాలి. ప్రామాణిక వాతావరణ లెక్క ప్రకారం సముద్ర మట్టం వద్ద ఘనమీటరు గాలి బరువు 1.225 కిలోలు కాగా, ఎవరెస్టు ఎత్తులో అది నలభై శాతానికి కాస్త తక్కువకు, బూలే చేరిన ఎత్తులో నాలుగో వంతు కంటే తక్కువకు పడిపోతుంది. లోటును పూడ్చుకోవాలంటే రెక్కల వాలును పెంచాలి. ఒక హద్దు దాటి వాలు పెంచితే గాలి ప్రవాహం రెక్క పైభాగాన్ని విడిచిపోయి, లేపే శక్తి ఒక్కసారిగా కూలుతుంది. రెక్కలను మరింత వేగంగా తిప్పుదామంటే, ఆ చలిలో ధ్వని వేగం సెకనుకు 340 మీటర్ల నుంచి 295 మీటర్ల దాకా తగ్గి ఉంటుంది కనుక ముందుకు దూసుకొచ్చే రెక్క కొస ధ్వని వేగానికి మరింత దగ్గరవుతుంది. ఇంజనుకు కూడా పీల్చుకునే గాలి తక్కువే. పైలట్ సంగతి చెప్పనక్కర లేదు. నలభై వేల అడుగుల ఎత్తులో ఆక్సిజన్ సరఫరా ఆగిపోతే మనిషికి తెలివి నిలిచేది పదిహేను ఇరవై సెకన్లే.

ఇంతటి పరిస్థితిలోకి బూలే తీసుకువెళ్ళిన యంత్రానికీ మన దేశానికీ దగ్గరి బంధం ఉంది. ఎత్తైన కొండ ప్రాంతాల్లో, వేడి వాతావరణంలో పనిచేసే తేలికపాటి హెలికాప్టర్ కావాలన్న భారత సైన్యం అవసరం మీదనే ఫ్రెంచ్ సంస్థ లామాను రూపొందించింది. అంతకు ముందున్న అలుయెట్ 2 హెలికాప్టర్ చట్రాన్ని బలపరిచి, దానికి అలుయెట్ 3 హెలికాప్టర్ ఇంజను, రోటరు అమర్చగా వచ్చినది లామా, 1969 మార్చిలో తొలిసారి ఎగిరింది. ఆ ఏడాదే మన హిమాలయాల్లో ఇద్దరు సిబ్బందితో 7,500 మీటర్ల ఎత్తున దిగి, మళ్ళీ లేచింది. మన దేశంలో హెచ్‌ఏఎల్, అంటే హిందుస్థాన్ ఏరోనాటిక్స్, తయారుచేసిన లామా పేరే చీతా. అలుయెట్ 3 ఇక్కడ చేతక్ అయింది. తుపాను వచ్చినప్పుడు విశాఖ నౌకాదళ స్థావరం నుంచి మన తీరం మీదుగా తిరిగే చేతక్‌ను చూసిన వారు, ఆ యంత్రపు ఇంజను రకం, రోటరు రకమే 1972లో ఆకాశపు అంచు దాకా వెళ్ళాయని తెలుసుకుంటే ఆశ్చర్యపోతారు. సియాచిన్‌లో పనిచేసి వచ్చిన మన జిల్లాల జవాన్లకు చీతా గురించి వేరే చెప్పనవసరం లేదు. అక్కడి ఎత్తైన శిబిరాలకు సరుకు చేర్చడానికీ, గాయపడినవారిని దించడానికీ దశాబ్దాలుగా ఆధారం అదే.

రికార్డు కోసం బూలే హెలికాప్టర్ నుంచి అవసరం లేని సామగ్రి అంతా తీసివేశారు. శిఖర స్థాయికి చేరి, కిందికి రావడానికి శక్తి తగ్గించగానే ఇంజను ఆగిపోయింది. ఇంజను లేని హెలికాప్టర్ రాయిలా పడిపోదు. పైలట్ వెంటనే రెక్కల వాలును తగ్గిస్తే, కిందినుంచి ఎదురొచ్చే గాలికి రోటరు తనంతట తాను తిరుగుతూ ఉంటుంది, నేల దగ్గర ఆ తిరుగుడులో దాగిన శక్తితో మెల్లగా దించవచ్చు. పన్నెండు వేల మీటర్లకు పైబడిన ఎత్తు నుంచి బూలే అలాగే దిగారు, ఇంజను సాయం లేకుండా హెలికాప్టర్ దిగిన అత్యంత పొడవైన అవరోహణ కూడా అదే. నా దృష్టిలో ఆ రోజు జరిగిన రెండు పనుల్లో ఇదే పెద్దది.

ఇక కొలత విషయానికి వద్దాం. వివాదాల మూలం ఇక్కడే ఉంది గనుక కాస్త నిదానంగా చూడాలి.

విమానంలో ఎత్తు చూపే సాధనం నిజానికి ఎత్తును కొలవదు, గాలి పీడనాన్ని కొలుస్తుంది. ఆ పీడనం ప్రామాణిక వాతావరణంలో ఏ ఎత్తున ఉండాలో, ఆ అంకెను చూపుతుంది. ఆ ప్రామాణిక వాతావరణం ఒక ఒప్పందం: సముద్ర మట్టం వద్ద 15 డిగ్రీల ఉష్ణోగ్రత, 1013.25 హెక్టోపాస్కల్ (పీడనపు కొలమానం) పీడనం, కిలోమీటరుకు 6.5 డిగ్రీల చొప్పున చల్లబడుతూ 11 కిలోమీటర్ల వద్ద మైనస్ 56.5 డిగ్రీలు. రికార్డు ప్రయత్నాల్లో చాలాకాలం పాటు వాడిన బారోగ్రాఫ్ కూడా ఈ సూత్రం మీదే పనిచేసేది. గాలి తీసేసిన లోహపు గుల్ల పీడనం తగ్గినకొద్దీ ఉబ్బుతుంది, ఆ కదలికను ఒక సన్నని ముల్లు తిరిగే స్తూపం మీద గీతగా గీస్తుంది. ప్రయత్నానికి ముందు దానికి సీలు వేస్తారు, దిగిన తరవాత పరిశీలకుడి సమక్షంలో తెరుస్తారు, ఆపైన ప్రయోగశాలలో తెలిసిన పీడనాలతో పోల్చి ఆ సాధనం ఎంత తప్పు చూపుతోందో తేలుస్తారు.

ఈ పోల్చి చూడటం ఎందుకంత ముఖ్యమో ఒక చిన్న లెక్క చెబుతుంది. సముద్ర మట్టం దగ్గర ఒక హెక్టోపాస్కల్ పీడనం తగ్గడమంటే దాదాపు 8 మీటర్లు పైకి వెళ్ళడం. 12,442 మీటర్ల వద్ద పీడనం సుమారు 180 హెక్టోపాస్కల్ మాత్రమే, అక్కడ అదే ఒక్క హెక్టోపాస్కల్ తేడా 35 మీటర్లతో సమానం. అంటే నేల మీద ఎవరూ పట్టించుకోని పొరపాటు పైన నాలుగింతలకు మించి కనిపిస్తుంది. హెలికాప్టర్‌లో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. రోటరు కిందికి తోసే గాలి యంత్రపు ఒడలి చుట్టూ పీడనాన్ని కదిలిస్తుంది, కాబట్టి పీడనాన్ని ఏ చోట నుంచి తీసుకున్నారన్నది కూడా లెక్కలోకి వస్తుంది. అయినా బూలే, నార్త్ అంకెల మధ్య తేడా సుమారు 14 హెక్టోపాస్కల్. సరిచూసిన సాధనం అంత తప్పు చూపదు. కనుక సాధనపు లోపం ఒక్కటే ఈ తేడాను పూర్తిగా వివరించలేదు.

అంతకంటే లోతైన సమస్య వాతావరణంలోనే ఉంది. గాలి వేడిగా ఉంటే వ్యాకోచిస్తుంది, ఒకే పీడనం ఉండే పొర మరింత పైకి జరుగుతుంది. ప్రామాణిక లెక్కలో 200 హెక్టోపాస్కల్ పీడనం 11.8 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది. ఉష్ణమండలంలో అదే పీడనం సుమారు 12.4 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది, విశాఖపట్నం నుంచి వాతావరణ శాఖ వదిలే బెలూన్ల కొలతలు చూసే వారికి ఇది తెలిసిన విషయమే. ఆ లెక్కన బూలే చూసిన 180 హెక్టోపాస్కల్ పీడనం మన శ్రీకాకుళం తీరం మీద ప్రామాణిక ఎత్తు కంటే దాదాపు ఆరు వందల మీటర్లు పైన దొరుకుతుంది. హెలికాప్టర్ సామర్థ్యం ఆధారపడేది గాలి సాంద్రత మీద. కాబట్టి అదే యంత్రం, అదే పైలట్, అంతే శ్రమతో, మన ఆకాశంలో ఉపగ్రహ సంకేతాల ద్వారా ఎత్తు కొలిస్తే ఆరు వందల మీటర్లు అదనంగా వచ్చి పడతాయి. రెండు రికార్డుల మధ్య వివాదాస్పదమైన తేడా 512 మీటర్లేనని గుర్తుంచుకుంటే ఈ అంశం బరువు తెలుస్తుంది.

కేప్‌టౌన్‌లో జరిగింది ఇదేనని నేను అనడం లేదు. పీడనాన్ని బట్టి లెక్కించే పీడన ఎత్తు, దూరంగా నేరుగా కొలిచే జ్యామితీయ ఎత్తు అనేవి రెండు వేర్వేరు రాశులనీ, ఏది కొలిచారో చెప్పకుండా రెండు అంకెలను పోల్చడం కుదరదనీ మాత్రమే నా వాదన. జీపీఎస్ అంకెను నేరుగా తీసుకున్నా మరో మెలిక మిగులుతుంది. అది భూమిని ఒక నున్నని గణిత గోళాభంగా భావించి దాని నుంచి ఎత్తు చెబుతుంది, అసలు సముద్ర మట్టంతో దానికి ఉండే తేడా మన తీరం దగ్గర పదుల మీటర్లలో ఉంటుంది. సరిదిద్దే లెక్క తెలిసినదే గాని, సరిదిద్దారా లేదా అన్నది పత్రాల్లో ఉండాలి.

ఎఫ్ఏఐ నడిచే తీరు ఈ సందేహాలన్నిటి నుంచి పుట్టినదే. 1905లో ఏర్పడి, ఇప్పుడు స్విట్జర్లాండ్‌లోని లోజాన్ నుంచి పనిచేస్తున్న ఈ సమాఖ్య తానుగా ఎవరినీ వెంబడించి కొలవదు. ఒక్కో దేశంలో తన తరఫున ఒక జాతీయ సంస్థను గుర్తిస్తుంది, మన దేశంలో అది ఏరో క్లబ్ ఆఫ్ ఇండియా. ఆ జాతీయ సంస్థ నియమించిన పరిశీలకుడు ప్రయత్నాన్ని దగ్గరుండి చూడాలి, సాధనాల సీళ్ళు సరిచూడాలి, బయలుదేరేటప్పటి బరువు ధ్రువీకరించాలి, సాధనం సరిచూసిన పత్రాలు జతచేయాలి, ఆ కట్టంతా గడువు లోపల సమాఖ్యకు చేరాలి. ఈ గొలుసులో ఒక్క కొక్కెం ఊడినా పైలట్ చేరిన ఎత్తు మారదు, కానీ ఆ ఎత్తు రికార్డుగా నమోదు కాదు. పట్టికలో పేరు లేకపోవడం అబద్ధం చెప్పారనడానికి రుజువు కాదు. పట్టికలో పేరు ఉండటం మాత్రం ఎవరో ఒకరు స్వతంత్రంగా సరిచూశారనడానికి రుజువు.

నార్త్ అంకె గురించి నాకు కనిపించిన విషయం ఒకటి ఇక్కడ చెప్పాలి. 12,954 మీటర్లు అన్నది సరిగ్గా 42,500 అడుగులు, ఒక మీటరు అటూ ఇటూ లేదు. బూలే ఎత్తును అడుగుల్లోకి మారిస్తే 40,820 వస్తుంది. ప్రయోగశాలలో సరిచూసి తేల్చిన కొలత వందల్లో ఆగే గుండ్రటి అంకెగా రావడం అరుదు. పైలట్ ముందున్న డయల్ మీద చదివిన అంకె, లేదా ప్రకటన కోసం సవరించిన అంకె సాధారణంగా అలా ఉంటుంది. ఇది నార్త్ సాహసాన్ని తక్కువ చేసే మాట కాదు. ఆ యంత్రంతో ఆ ఎత్తుల దరిదాపులకు వెళ్ళడమే అసాధారణం, ఆయన అనుభవజ్ఞుడైన పైలట్. అయితే ప్రజలకు తెలిసిన అంకె ఏ మజిలీ నుంచి బయటకు వచ్చిందో ఆ గుండ్రటితనం కొంత సూచిస్తుంది. ఈ రెండింటిలో ఒకటి ఎంచుకోమంటే నేను 12,442నే ఎంచుకుంటాను. దాని వెనుక ఎవరైనా తిరిగి పరిశీలించగల ప్రక్రియ ఉంది.

ఎవరెస్టు వివాదం దీనికి పూర్తిగా భిన్నమైనది. 2005 మే 14న యూరోకాప్టర్ సంస్థ పరీక్షా పైలట్ డిడియే దెల్‌సాల్ నేపాల్‌లోని లుక్లా నుంచి ఏఎస్ 350 బి3లో బయలుదేరి ఎవరెస్టు శిఖరాన్ని తాకారు. 3 నిమిషాల 50 సెకన్ల పాటు అక్కడ నిలిచారు. దిగినట్టు పరిగణించాలంటే కనీసం రెండు నిమిషాలు నేల మీద ఉండాలన్నది నిబంధన. మరునాడు మళ్ళీ అదే పని చేసి చూపారు. ఈ వార్త వెలువడగానే నేపాల్ పౌర విమానయాన అధికారులు బహిరంగంగా సందేహం వ్యక్తం చేశారు. వారి సందేహం అకారణమని కొట్టిపారేయకూడదు. తమ గగనతలంలో, తమకు తెలిసినంతలో జరగని పని జరిగిందని ఒక విదేశీ తయారీ సంస్థ ప్రకటిస్తే ఏ అధికారి అయినా సాక్ష్యం అడుగుతాడు, ఆ ప్రకటన వల్ల ఆ సంస్థకు వ్యాపార లాభం ఉన్నప్పుడు మరీను.

గమనించవలసిన విషయమేమిటంటే, ఇక్కడ ఎత్తు గురించి తగవు లేనే లేదు. శిఖరం ఎత్తును సర్వేయర్లు ఏనాడో తేల్చారు. కేప్‌టౌన్ ఉదంతంలో యంత్రం గాలిలో ఉందని అందరికీ తెలుసు, ఎంత ఎత్తున ఉందన్నదే ప్రశ్న. ఎవరెస్టు మీద ఎత్తు అందరికీ తెలుసు, యంత్రం నిజంగా ఆ చోటనే ఉందా అన్నదే ప్రశ్న. కాబట్టి బారోగ్రాఫ్ గీత ఇక్కడ పెద్దగా పనికిరాదు. చోటును చూపే దృశ్యాలు, యంత్రంలో నమోదైన సమయం, స్థానం, ఇంజను వివరాలు కావాలి. హెలికాప్టర్‌కు అమర్చిన కెమెరాలు, నమోదు పరికరాలు ఆ పని చేశాయి, ఎఫ్ఏఐ రికార్డును ఆమోదించింది. శిఖరం మీద గాలి ఎగదన్నుతూ ఉంటుంది గనుక బరువంతా మంచు మీద ఆనించి ఇంజను ఆపడం అక్కడ సాధ్యం కాదు, స్కిడ్లను, అంటే హెలికాప్టర్ కింద కాళ్ళలా ఉండే కడ్డీలను, నేలకు అదిమి పట్టుకుని నిలవాలి. దాన్ని ‘దిగడం’ అనవచ్చా అని కొందరు పర్వతారోహకులు, పైలట్లు ఇప్పటికీ అడుగుతారు. నిబంధన నేలను తాకి నిలవడాన్ని, వ్యవధిని అడుగుతుంది గాని ఇంజను ఆపాలని అడగదు. నిబంధన ముందే రాసి ఉండటం వల్ల ఆ చర్చకు ఒక హద్దు దొరికింది.

ఆ తరవాత 2020 డిసెంబర్‌లో నేపాల్, చైనా కలిసి ఎవరెస్టు ఎత్తును 8,848.86 మీటర్లుగా ప్రకటించాయి. దానివల్ల దెల్‌సాల్ చేసిన పనిలో మార్పేమీ లేదు, శిఖరం ఎత్తు కాస్త కచ్చితంగా తెలిసింది, అంతే.

ఎత్తుకు సాక్ష్యం ఎవరూ అడగని సాహసాలు మరో వైపు ఉన్నాయి. 1996 మే 13న నేపాల్ సైన్యానికి చెందిన మదన్ ఖత్రీ ఛెత్రీ ఎవరెస్టు దారిలో పగుళ్ళతో నిండిన ఖుంబూ మంచు వాలు పైన సుమారు ఆరు వేల మీటర్ల ఎత్తుకు వెళ్ళి, తుపానులో చిక్కి చావు అంచుకు చేరిన ఇద్దరు పర్వతారోహకులను ఒకరి తరవాత ఒకరుగా తెచ్చారు. 2013లో ఎవరెస్టు మీద సుమారు 7,800 మీటర్ల వద్ద చిక్కుకున్న వ్యక్తిని హెలికాప్టర్‌కు వేలాడదీసిన పొడవాటి తాడుతో దించారు. ఇలాంటి చోట అంకెలు శిబిరాల ఎత్తును బట్టి వచ్చినవే, వాటిని ‘సుమారు’ అనే చదవాలి. మనిషిని బతికించడానికి వెళ్ళిన పైలట్ బారోగ్రాఫ్‌కు సీలు వేయించుకుని వెళ్ళడు, వెళ్ళాలని కోరడం అన్యాయం కూడా.

మన సైన్యం, వైమానిక దళం విషయంలో మాత్రం నాకు ఒక కోరిక ఉంది. 2004 నవంబర్‌లో కొత్త ఇంజను అమర్చిన చీతా కారకోరం శ్రేణిలోని సాసేర్ కాంగ్రి వద్ద 25,150 అడుగుల ఎత్తున దిగిందన్న ప్రకటన వెలువడింది. ఆరు నెలల తరవాత ఎవరెస్టు ఉదంతం ప్రపంచ వార్త కావడంతో మన ప్రకటన సాధారణ పాఠకుడి జ్ఞాపకంలోంచి జారిపోయింది. ప్రపంచంలో అత్యంత ఎత్తైన చోట్ల ఏటికేడు పనిచేస్తున్న పైలట్లు మన వాళ్ళు. కోరుకొండ సైనిక పాఠశాలలో చదివి సైన్యంలో చేరిన వారి నుంచి పలాస, సోంపేట పల్లెల జవాన్ల దాకా ఈ ఎత్తుల్లో పనిచేసిన కుటుంబాలు మన చుట్టూ ఉన్నాయి. సైనిక విధుల్లో చేరిన ఎత్తులన్నీ బయటపెట్టడం కుదరదు, ఆ పరిమితి అర్థం చేసుకోదగినదే. కానీ కొత్త ఇంజనును, కొత్త యంత్రాన్ని పరీక్షించే ప్రయత్నాలు పత్రికా ప్రకటనతో ఆగిపోకూడదు. ఏరో క్లబ్ పరిశీలకుడిని ప్రయత్నానికి ముందే పిలవాలి, నమోదు పరికరానికి ముందే సీలు వేయించాలి, దిగాక అదే పరికరాన్ని మళ్ళీ పీడన గదిలో పెట్టి సరిచూడాలి. వీటిలో మూడోది మాత్రమే తరవాత చేయగలిగిన పని.